యువ ఆఫీసరుకు ఏది ముందు: కంపెనీయా, కోర్సా, స్టాఫ్ కాలేజీయా, ఎంబీఏనా?

పోయిన దసరాకు మా సైనిక్‌పురి వీధిలో కుర్రాడొకడు సెలవు మీద వచ్చాడు. ఆర్మీలో కెప్టెన్, నాలుగేళ్ల సర్వీసు. ఓ సాయంత్రం మా ఇంటికొచ్చి తన ముందున్న మూడు దారులు చెప్పాడు. బెళగావిలో కమాండో కోర్సుకు పేరు పంపమంటావా అని యూనిట్ అడుగుతోంది. అడ్జుటెంట్‌గా, అంటే యూనిట్ ఆఫీసు పని చూసే ఆఫీసరుగా, కూర్చోమని సీఓ (కమాండింగ్ ఆఫీసర్) సాబ్ అన్నారు. ఇంట్లో నాన్నేమో దూరవిద్యలో ఎంబీఏ మొదలుపెట్టమంటున్నారు, ఫీజు కూడా తనే కడతానంటున్నారు. "సార్, మంచి లీడర్‌ని కావాలంటే వీటిలో ఏది ముందు?" అని అడిగాడు.

ఆ సాయంత్రం చెప్పినదీ, అప్పుడు తట్టక తర్వాత గుర్తొచ్చినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ పుట్టిన దగ్గర్నుంచీ ఈ ఊరికి సైన్యం ఇంటి మనిషి లాంటిది. తిరుమలగిరిలో ఈఎంఈ కాలేజీ, గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్, దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, మా సైనిక్‌పురిలో కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్. ఇన్ని ఉన్న చోట ప్రతి కాలనీలోనూ ఒక యువ ఆఫీసరు ఉంటాడు, అతనికి సలహా చెప్పే నలుగురు బంధువులు ఉంటారు. ఆ బంధువులకూ అర్థం కావాలనే తెలుగులో రాస్తున్నాను. నేను సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఇరవై రెండేళ్లు చేశాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి ఆరేళ్లలో మిమ్మల్ని మీ జవాన్ల దగ్గర ఎక్కువ రోజులు ఉంచే దారే మంచి దారి. మిగిలిన దారులు చెడ్డవని కాదు, వాటి వేళ వేరు.

ముందు కాలం లెక్క

లెఫ్టినెంట్‌గా చేరినవారు రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ అవుతారు. ఇవి ప్రమోషన్ పరీక్షలు పాసవుతూ పోతే సర్వీసును బట్టి వచ్చే ర్యాంకులు. కల్నల్ దగ్గర్నుంచి సెలక్షన్ బోర్డు ఎంపిక చేస్తుంది. అంటే తొలి ఆరేళ్లలో ర్యాంకు కోసం ఎవరితోనూ పోటీ పడనక్కర్లేదు. నేర్చుకోవడానికి సైన్యం ఇచ్చిన అసలు వెసులుబాటు ఇదే. చాలామంది కుర్రాళ్లు ఈ కాలాన్నే తొందరలో పోగొట్టుకుంటారు. కోర్స్ మేట్ ఎవరో ఏదో సర్టిఫికెట్ తెచ్చుకున్నాడని తెలియగానే వీళ్లకు టెన్షన్ మొదలవుతుంది.

షార్ట్ సర్వీస్ కమిషన్ మీద వచ్చినవారి లెక్క వేరు. పదేళ్లు, ఆపైన కావాలంటే మరో నాలుగేళ్లు. వాళ్ల సంగతి కింద చెప్తాను.

కంపెనీలో ఉండటం

కంపెనీ అంటే ఇక్కడ వ్యాపార సంస్థ కాదు, యూనిట్‌లో ఒక ఆఫీసరు కింద ఉండే జవాన్ల దళం. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. బయటివాళ్లకు ఇది ఒక ఎంపికలా కనిపించదు కదా. "ఊరికే యూనిట్‌లో ఉన్నాడు" అంటారు.

నేను కెప్టెన్‌గా రాజస్థాన్‌లో ఒక వర్క్‌షాప్ కంపెనీలో ఉన్నప్పటి మాట. సెలవు నుంచి తిరిగొచ్చిన ప్రతి జవానూ కంపెనీ కమాండర్ ముందుకు ఇంటర్వ్యూకి రావాలి. ఇది సైన్యంలో పాత పద్ధతి. ఆ రోజు నా ముందుకు ఐదుగురు వచ్చారు. నాలుగోవాడు వెహికల్ మెకానిక్, నిమ్మళమైన మనిషి. నేను రిజిస్టరులో సంతకం పెడుతూనే "ఘర్ మే సబ్ ఠీక్?" అన్నాను. "ఠీక్ హై, సాబ్" అన్నాడు. సెల్యూట్ చేశాడు, వెళ్లిపోయాడు. మొత్తం అర నిమిషం కూడా పట్టలేదు.

మూడు రోజుల తర్వాత మా సుబేదార్ సాబ్ (జవాను స్థాయి నుంచి ఎదిగిన పెద్దాయన) సాయంత్రం రోల్ కాల్ అయ్యాక నా పక్కన నడుస్తూ మెల్లగా చెప్పారు. ఆ కుర్రాడి తండ్రి సెలవులోనే పోయాడు. దినం కూడా కాకముందే చిన్నాన్న కొడుకులు పొలం గట్టు జరిపారు. అడగబోతే కొట్టారు. వీడు లంగర్‌లో (జవాన్ల భోజనశాలలో) సరిగా తినడం లేదు, రాత్రుళ్లు నిద్రపోవడం లేదు, ఆ స్థితిలోనే జాకీ మీద లేపిన శక్తిమాన్ బండి కింద పడుకొని పని చేస్తున్నాడు. సుబేదార్ సాబ్ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆయన మొహం చూశాక ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

మర్నాడు బండి దగ్గరికి వెళ్లి అతని పక్కనే నేల మీద కూర్చున్నాను. అతను బ్రేక్ షూలు సర్దుతున్నాడు. స్పానర్ అడిగితే అందించాను. ఇరవై నిమిషాలు ఏమీ అడగలేదు. ఆ తర్వాత అతనే మొదలుపెట్టాడు. అతని జిల్లా కలెక్టరుకు యూనిట్ తరఫున లేఖ రాయించాం. మళ్లీ పది రోజులు సెలవిచ్చి పంపాం. పొలం తేలడానికి చాలాకాలం పట్టింది గానీ, బండి కింద పడుకునే మనిషి కుదుటపడ్డాడు. అప్పటి నుంచి ఇంటర్వ్యూ సమయంలో నా బల్ల మీద రిజిస్టరు ఉంచేవాణ్ణి కాదు.

ఇలా కళ్లెత్తి మనిషిని చూడటం ఏ క్లాసులో నేర్పుతారు? ఆఫీసర్లను తయారుచేసే డెహ్రాడూన్ ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ)లో చెట్‌వుడ్ హాల్ గోడ మీద 1932 నాటి మాటలున్నాయి: మొదట దేశం, తర్వాత మీ కింద పనిచేసేవారి క్షేమం, మీ సుఖం చిట్టచివర. ప్రతి కేడెట్‌కూ అది కంఠతా వస్తుంది. బండి కింద పడుకున్న మనిషి పక్కన కూర్చున్నాక గానీ నాకు ఆ రెండో మాట అర్థం కాలేదు.

ఇందులో మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక పని ఉంటుంది, భాష. పాతబస్తీలోనో మెహదీపట్నంలోనో పెరిగినవాడికి ఉర్దూ కలిసిన హిందీ నోట్లోనే ఉంటుంది. అదే ఏ మారుమూల పల్లె నుంచో కోరుకొండ సైనిక్ స్కూల్ మీదుగా వచ్చినవాడు మొదటి ఏడాది మాట కోసం తడుముకుంటాడు. హిందీతోనూ పని అయిపోదు. గోర్ఖా పల్టన్‌కు (బెటాలియన్‌కు) వెళ్తే నేపాలీ, మద్రాస్ రెజిమెంట్‌కు వెళ్తే తమిళం రావాలి. సూర్యాపేటలో పుట్టి, కోరుకొండలో చదివి, 16 బిహార్ పల్టన్‌కు సీఓ అయిన కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో ఆ పల్టన్‌కు ముందు నిలబడి ప్రాణమిచ్చారు. ఒక తెలుగువాడి వెంట బిహార్ పల్టన్ జవాన్లు ఆ చీకట్లోకి నడిచారు. ఆ నమ్మకం ఒక్క రోజులో పుట్టేది కాదు. వాళ్ల భాషలో, వాళ్ల పక్కన గడిపిన ఏళ్లే దాని వెనకున్నాయని నేను నమ్ముతాను.

కంపెనీలోనే ఉండిపోతే నష్టం లేదా అంటే, ఉంది. ఒకే సీఓను, ఒకే పద్ధతిని చూసి అదే సైన్యం అనుకునే ప్రమాదముంది. మంచి సీఓ దొరక్కపోతే చెడ్డ అలవాట్లే నాయకత్వం అనిపిస్తాయి. అందుకే మధ్యలో బయటికి వెళ్లి రావాలి.

సైన్యం పెట్టే కోర్సులు

యంగ్ ఆఫీసర్స్ కోర్సు గురించి ఆలోచించే పని లేదు, అది అందరికీ తప్పనిసరి. జూనియర్ కమాండ్ కోర్సు మహూలోని ఆర్మీ వార్ కాలేజీలో జరుగుతుంది. కంపెనీ స్థాయి కమాండ్‌కు తయారుచేసేది అదే, వేళ వచ్చినప్పుడు యూనిటే పంపుతుంది. మీరు నిజంగా ఎంచుకోవలసినవి బెళగావి జూనియర్ లీడర్స్ వింగ్‌లో కమాండో కోర్సు, గుల్‌మార్గ్‌లో మంచు కొండల యుద్ధం నేర్పే స్కూలు, మిజోరంలోని వైరెంగ్తెలో తిరుగుబాటు నిరోధక, అడవి యుద్ధ స్కూలు లాంటివి.

వీటిలో శరీరం నలుగుతుంది. నిద్రలేక, ఆకలితో, వీపు మీద బరువుతో ఉన్నప్పుడు మీ నోటి నుంచి ఎలాంటి మాట వస్తుందో మీకే తెలుస్తుంది. విసుగొస్తే మాట తూలే అలవాటు ఉన్నవాడికి అది అక్కడ కనపడినట్టు ఇంకెక్కడా కనపడదు. ఇన్‌ఫాంట్రీ, స్పెషల్ ఫోర్సెస్ దారిలో ఉన్నవారైతే రెండో ఆలోచన లేకుండా వెళ్లండి. రిపేర్, సప్లై, సిగ్నల్స్ వైపు ఉన్నవారు కూడా ఒక్కటైనా చేయాలని నా మాట. ఫైటింగ్ పల్టన్ జవాన్ల ముందు నిలబడినప్పుడు అది అక్కరకొస్తుంది.

ఒక్కటి చూసుకోండి. మీ కంపెనీ ఫీల్డ్‌కు వెళ్తున్న నెలల్లో కోర్సుకు వెళ్లొద్దు. వెళ్లొచ్చాక మీ బ్యాడ్జీని జవాన్లు గౌరవిస్తారు. కానీ కష్టకాలంలో సాబ్ ఎక్కడున్నాడన్నది అంతకంటే ఎక్కువ కాలం గుర్తుపెట్టుకుంటారు. తిరిగొచ్చిన నెలలోపే మీరు నేర్చుకున్నది మీ ప్లాటూన్‌కు నేర్పకపోతే ఆ కోర్సు మీ ఫైలులోనే ఉండిపోతుంది.

అడ్జుటెంట్ కుర్చీ

యూనిట్ మొత్తం కాగితం, క్రమశిక్షణ, డ్యూటీలు అడ్జుటెంట్ చేతి మీదుగా నడుస్తాయి. సీఓ ఆలోచన ఎలా నడుస్తుందో రోజూ దగ్గర్నుంచి చూడొచ్చు. ఐదో ఏట, ఆరో ఏట ఇది మంచి బడి. రెండో ఏటనే వస్తే మాత్రం జాగ్రత్త. ఇంకా జవాన్లే సరిగా తెలియని కుర్రాడు సీఓ పేరు మీద అందరికీ ఆర్డర్లు చెప్పడం మొదలుపెడితే, అది తన అధికారమే అనుకుంటాడు. ఆ కుర్చీ నుంచి లేచిన రోజున తన మాట ఎందుకు చెల్లడం లేదో అతనికి అర్థం కాదు. జనరల్ గారి దగ్గర ఏడీసీగా, అంటే వెంట ఉండే సహాయక ఆఫీసరుగా, వెళ్లడానికి కూడా ఇదే మాట వర్తిస్తుంది.

హైదరాబాద్ పోస్టింగ్, ట్రైనింగ్ సెంటర్

ఇంటికి దగ్గర, అమ్మ చేతి వంట, ఆదివారం బంధువులు. హోమ్ పోస్టింగ్ అంటే అందరూ సంతోషిస్తారు, అది తప్పు కాదు. అయితే చాలామంది దీన్ని విశ్రాంతి కింద లెక్కేస్తారు. నాకు అలా అనిపించదు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్, ఏఓసీ (ఆర్మీ ఆర్డినెన్స్ కోర్) సెంటర్ లాంటి చోట రిక్రూట్ల మీద ఆఫీసరుగా ఉండటం నాయకత్వం నేర్చుకునే మంచి అవకాశాల్లో ఒకటి. దాన్ని తక్కువగా చూస్తారంతే. ఊరు దాటి ఎరగని పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి సైనికుణ్ణి చేయడం కంటే ఓపిక నేర్పే పని ఇంకేముంది?

2022లో అగ్నిపథ్ వచ్చాక ఈ పని ఇంకా బరువైంది. నాలుగేళ్ల కోసం వచ్చినవారిలో ఆ తర్వాత నలుగురికి ఒకరికి మించి ఉండరు. నేను కాకపోతే పక్కవాడు ఉంటాడన్న లెక్క ప్రతి కుర్రాడి మనసులో నడుస్తుంటే, వాళ్లను ఒక్క జట్టుగా నిలపాలి. మా తరానికి ఈ సమస్య లేదు. ఇది మీరే కొత్తగా నేర్చుకోవాలి, నేర్చుకున్నది మీ పైవాళ్లకూ చెప్పాలి.

ఇక్కడ ఉన్నప్పుడు మరో సదుపాయం కూడా వాడుకోండి. హుస్సేన్‌సాగర్‌లో ఈఎంఈ వాళ్ల సెయిలింగ్ క్లబ్ ఉంది. యాభై కిలోమీటర్ల దూరంలో భువనగిరి ఏకశిల ఉంది. పది మంది జవాన్లను ఆ బండ ఎక్కించి క్షేమంగా దించడానికి మీరే ప్లాన్ వేసి, మీరే తాడు చూసి, భయపడినవాడి దగ్గర మీరే ఆగండి. ఒక్క రోజు పని, ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

స్టాఫ్ కాలేజీ

వెల్లింగ్టన్ డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీకి పోటీ పరీక్ష రాయాలి. టాక్టిక్స్, సైనిక చరిత్ర, చట్టం, కరెంట్ అఫైర్స్ లాంటివి ఉంటాయి. నెగ్గితే నీలగిరుల్లో దాదాపు ఏడాది, త్రివిధ దళాల వారితోనూ విదేశీ ఆఫీసర్లతోనూ కలిసి చదువు, చివర మద్రాస్ యూనివర్సిటీ ఎమ్మెస్సీ పట్టా. టెక్నికల్ వైపు వారికి పుణెలో టెక్నికల్ స్టాఫ్ కోర్సు ఉంది. రెండూ మేజర్ స్థాయి చదువులు. మీ చూపు పల్టన్ దాటి బ్రిగేడ్, డివిజన్ వరకు సాగేది ఇక్కడే.

కాబట్టి కెప్టెన్‌గా ఉండగానే దీని కోసం గదిలో తలుపేసుకొని కూర్చోవద్దు. సైనిక చరిత్ర మాత్రం ఇప్పటి నుంచే రోజుకు పది పేజీలు చదవండి, పరీక్ష కోసం కాకుండా చదవండి. ఆరో ఏడు దాటాక రెండేళ్ల ముందు నుంచి గట్టిగా పట్టుకోండి. పరీక్ష ఏడాదే కంపెనీ కమాండ్ కూడా పడితే కంపెనీని కిందివాళ్లకు వదిలేసి పుస్తకాల్లో మునిగిపోయినవాళ్లను చూశాను. ఆ కమాండ్ మీద పైఆఫీసర్లు రాసిన రిపోర్టు తర్వాత కల్నల్ సెలక్షన్ బోర్డు ముందుకు వస్తుంది. జవాన్లకైతే అప్పుడే తెలిసిపోతుంది.

ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా 1998లో వెల్లింగ్టన్‌లో నాయకత్వం మీద మాట్లాడినప్పుడు మొదటి గుణంగా చెప్పింది వృత్తి జ్ఞానం, వృత్తి సామర్థ్యం. ఆయన మాటను నేను అర్థం చేసుకున్నది ఇలా: పని రాని ఆఫీసరు ఎంత మంచివాడైనా అతని వెంట జవాను ప్రాణం పెట్టి నడవడు. కాబట్టి చదువు అక్కర్లేదని ఎవరైనా ఈ వ్యాసం చూపించి అంటే నేను ఒప్పుకోను.

మహిళా ఆఫీసర్లకు ఒక మాట. పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా సర్వీసు) మీద 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కమాండ్ పదవుల దారి తెరుచుకుంది, స్టాఫ్ కాలేజీ మెట్టు కూడా అందులో భాగమైంది. మిమ్మల్ని మొహమాటంతోనో, జాగ్రత్త పేరుతోనో ఆఫీసు పనికి పరిమితం చేస్తే, ట్రూప్స్ మీద డ్యూటీ కావాలని నోరు విప్పి అడగండి. తర్వాత పోటీలో అడిగేది ఆ అనుభవాన్నే.

ఎంబీఏ, బయటి సంస్థలు

తల్లిదండ్రులకు బాగా నచ్చేది ఇదే. ఈ ఊళ్లో గచ్చిబౌలి ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఉంది, 1956లో మొదలైన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ బెల్లా విస్టా భవనంలో ఉంది, దూరవిద్య ఎలాగూ ఉంది. వీటిలో డబ్బు లెక్క, సంస్థ లెక్క, బేరం చేసే పద్ధతి బాగా నేర్పుతారు. మేజర్ ర్యాంకు పైన స్టోర్సు, బడ్జెట్ చూసేవారికి ఇవి పనికొస్తాయి. అయితే నాలుగేళ్ల సర్వీసులో, పోస్టులో రాత్రి కాపలా చూసుకొచ్చి అసైన్‌మెంట్ రాస్తుంటే, నష్టపోయేది జవాన్లతో గడిపే ఆ సాయంత్రమే.

సైనిక్‌పురి డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కాలేజీ గురించి కూడా కొందరు అడుగుతారు. 1970లో మొదలైన ఆ సంస్థలో ప్రధానమైన కోర్సు సీనియర్ ఆఫీసర్ల కోసం. కెప్టెన్లు ఇప్పుడే దాని వైపు చూడనక్కర్లేదు.

షార్ట్ సర్వీస్ వారి లెక్క మారేది ఇక్కడే. ఏడో ఏడు వచ్చేసరికి ఉండాలా, వెళ్లాలా అన్నది తేల్చుకోండి. వెళ్లేవారు చివరి రెండు మూడేళ్లలో డిగ్రీ, భాష, మీ ట్రేడుకు సంబంధించిన సర్టిఫికెట్ చూసుకోండి. రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ ద్వారా మేనేజ్‌మెంట్ కోర్సులు కూడా ఉంటాయి. రేపు ఏ ప్రైవేటు ఉద్యోగం ఇంటర్వ్యూలోనైనా మీ దగ్గర నిజంగా చెప్పుకోవడానికి ఉండేది మళ్లీ ఆ మొదటి ఆరేళ్లే.

దుండిగల్ నుంచి వచ్చే పైలట్లది కొంచెం వేరు. ముందు కొన్నేళ్లు మీ ధ్యాసంతా విమానం మీదే ఉంటుంది, ఉండాలి కూడా. మనుషులతో పని మీకు ఆలస్యంగా వస్తుంది గనుక మెస్, ఆటలు, అడ్వెంచర్ లాంటి అదనపు డ్యూటీలను తప్పించుకోకండి. టెక్నికల్, గ్రౌండ్ డ్యూటీ వారికి మొదటి రోజు నుంచే ఎయిర్‌మెన్ చేతికి వస్తారు. వాళ్లు పైన కంపెనీ గురించి రాసినది తమకే రాసినట్టు చదువుకోవచ్చు.

ఏ దారిలో ఉన్నా ఒక అలవాటు మాత్రం చేసుకోండి. అమెరికన్ ఆర్మీ దీన్ని ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ అంటుంది. ఎక్సర్‌సైజ్ అయిన వెంటనే అందరూ కూర్చుని, ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, ఈసారి ఏం చేద్దాం అని మాట్లాడుకోవడం. ఇందులో కష్టమైన భాగం, మీ తప్పు మీరే ముందు చెప్పడం. హవల్దార్ల ముందు "రూట్ చూడటంలో పొరపాటు నాది" అని సాబ్ అంటే, ఆ తర్వాత నిజాలు వాటంతటవే బయటికొస్తాయి.

మా వీధి కెప్టెన్‌కు నేను చెప్పింది ఇది. వాళ్ల యూనిట్ డిసెంబరులో పైకి, కొండల మీది కాపలా పోస్టులకు వెళ్తోంది. అతని కింద ఒక కంపెనీ ఉంది. శీతాకాలం కంపెనీతోనే ఉండమన్నాను. కమాండో కోర్సుకు ఆ తర్వాతి బ్యాచ్‌లో పేరు అడగమన్నాను. అడ్జుటెంట్ కుర్చీ ఆరో ఏట ఇస్తే సంతోషంగా తీసుకొమ్మన్నాను. ఎంబీఏ ఫీజు సంగతి నాన్నగారితో నేను మాట్లాడతానన్నాను, మాట్లాడాను కూడా. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆ జవాను పొలం గట్టు సంగతి చెప్పాక కాసేపు మౌనంగా ఉండి, "సరే అన్నయ్యా, వాడిష్టం" అన్నారు.

ఇక సీఓ దగ్గరికి ఎలా వెళ్లాలని కుర్రాడు అడిగాడు. ఒక కాగితం మీద మూడు తేదీలు రాసుకెళ్లమన్నాను: కంపెనీ కిందికి దిగే తేదీ, అడగదలచిన కోర్సు మొదలయ్యే తేదీ, తను లేనప్పుడు కంపెనీ చూసే ఆఫీసరు సెలవు నుంచి తిరిగొచ్చే తేదీ. ఆ కాగితం ముందు సుబేదార్ సాబ్‌కు చూపించి, ఆయన సరేనన్నాకే లోపలికి వెళ్లమన్నాను.